పిల్లల చేత రాయించడం: నేను చేసినవి, నేను చెడగొట్టినవి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా డీఎస్సీలో వచ్చి టెక్కలి వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి తెలుగు చెబుతున్నారు. నలభై మంది పిల్లలు. వ్యాసం ఇస్తే అందరూ గైడులో ఉన్నదే దించేస్తున్నారు, సొంతంగా రాయమంటే నాలుగు లైన్లు దాటడం లేదు, ఆ నాలుగింట్లోనూ పది తప్పులు, పైగా ‘నాను ఎల్నాను’ అని ఇంట్లో మాట్లాడినట్టే రాసేస్తున్నారు. క్లాసులో ఏం చేయించాలి, ఏమేం సామాను కావాలి అని అడిగారు. నేను ఈ జిల్లాలోనే ఇరవై ఏడేళ్ళు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పాతపట్నం వైపు కొన్నాళ్ళు, ఆమదాలవలస దగ్గర కొన్నాళ్ళు, చివరికి పలాస దగ్గర. కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

సామాను సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నదే. పిల్లకొక వంద పేజీల నోటుబుక్కు (క్లాసు నోట్సుకి కాదు, దీనికే విడిగా), పాత క్యాలెండర్లు ఓ పాతిక (వెనకవైపు తెల్లగా ఉంటుంది, చార్టులు కొననక్కర్లేదు), మైదా జిగురు, కొన్ని పోస్టు కార్డులు, ఒక ఖాళీ గోడ. డిజిటల్ బోర్డు ఉంటే సంతోషం, లేకపోతే ఆగిపోయే పని ఏదీ లేదు. రబ్బరు మాత్రం వద్దు. తప్పు అనిపిస్తే ఒక గీత కొట్టి పక్కన రాయమనండి, చెరపనివ్వకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

పిల్లలు గైడు ఎందుకు దించుతారో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. బద్ధకం అనుకునేవాణ్ణి. బద్ధకం కాదమ్మా. మనం వ్యాసం అడిగి, ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు అరలు గీసి ఇస్తాం. అంశం చూస్తే ‘పర్యావరణ పరిరక్షణ’, ‘స్త్రీ విద్య’, ‘విజ్ఞానశాస్త్రం వరమా శాపమా’. వాటి గురించి పదమూడేళ్ళ పిల్లకి చెప్పడానికి సొంత మాట ఏముంటుంది? అందుకే ‘మానవుడు సంఘజీవి’ అని మొదలుపెడతారు. నా సర్వీసులో ఆ వాక్యం ఎన్ని వందలసార్లు చదివానో లెక్క లేదు, ఆవు మీద వ్యాసంలో కూడా వచ్చింది ఒకసారి. ఇంకో సంగతి, వాళ్ళు రాసింది చదివేది మనం ఒక్కళ్ళమే, అదీ ఎర్ర పెన్ను పట్టుకుని. తప్పులు ఏరడానికే చదివేవాడికి ఎవరైనా ఏం చెప్పుకుంటారు? తప్పులు లేనిది ఎక్కడ దొరుకుతుందో అక్కడ నుంచి తెచ్చి చూపిస్తారు. ఆ లెక్కన గైడు దించిన పిల్ల తెలివైన పనే చేసింది. నేను చేయించిన పనులన్నీ ఈ రెండింటినీ మార్చడానికే: అంశం పిల్ల చూసినదై ఉండాలి, రాసినదాన్ని ఎవరో ఒకరు ఏం చెప్పిందో తెలుసుకోవడానికి చదవాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది కదా. బడి మళ్ళీ తెరిచాక నేను చేసిన మొదటి తెలివితక్కువ పని, ‘తుపాను’ మీద వ్యాసం రాయమనడం. అందరూ పేపరు భాషలో రాశారు. అపార నష్టం వాటిల్లిందట, జనజీవనం స్తంభించిందట, ప్రభుత్వం తక్షణం ఆదుకోవాలట. ఇంటి కప్పు ఎగిరిపోయిన పిల్ల కూడా అదే రాసింది. మర్నాడు అంశం మార్చాను. ‘తెల్లారి తలుపు తీయగానే మీకు మొదట కనపడినది ఏమిటి? అది ఒక్కటే రాయండి, అరపేజీ చాలు’ అన్నాను. ఒక పిల్లడు రాసిన మొదటి వాక్యం ఇది: ‘మా కొబ్బరిచెట్టు మా చిన్నాన్న ఇంట్లో పడుకుని ఉంది.’ రెండో వాక్యం, ‘ఆ చెట్టుకి నాకూ ఒకటే వయసు అని మా నాన్న అంటాడు.’ నలభై మందిలో ముప్ఫై మందికి పైగా ఇలాంటిది ఏదో ఒకటి రాశారు. నిన్నటి పిల్లలే, మారింది ప్రశ్న ఒక్కటే.

కాబట్టి అంశాన్ని వీలైనంత చిన్నది చేసి ఇవ్వండి. ‘మా ఊరి సంత’ వద్దు, ‘సంతలో బేరం కుదరని ఒక మనిషి’ ఇవ్వండి. ‘మా అమ్మ’ అస్సలు వద్దు, ‘మా అమ్మ చేతులు’ ఇవ్వండి. ‘పండుగ’ బదులు ‘పండుగ మర్నాడు ఇల్లు’. ఏడాదికి సరిపడా అంశాలు మీ ఊరిలోనే దొరుకుతాయి. బస్సు కోసం కాంప్లెక్సులో కూర్చున్నప్పుడు నోటుబుక్కు చివర రాసుకుంటూ ఉండండి.

రాసే ముందు మాట్లాడనివ్వండి, ఇది చాలామంది మాస్టార్లు వదిలేసే పని. పక్కపక్కన ఇద్దర్ని కూర్చోబెట్టి, ఒకరు చెబితే ఇంకొకరు వినాలి, ఐదు నిమిషాలు. తర్వాత మార్చుకోవాలి. క్లాసు సంతలా ఉంటుంది, హెచ్‌ఎం గారు కిటికీలోంచి తొంగిచూస్తారు, చూడనివ్వండి. నాలుగు లైన్లకి మించి రాయలేని గుంటడు నోటితో పది నిమిషాలు ఆపకుండా చెబుతాడు. అప్పుడు ‘ఇప్పుడు నువ్వు వాడికి చెప్పావే, అదే రాయి’ అనాలి. అదేమిటి మాస్టారూ, అది కూడా రాయొచ్చా అంటారు. ఆ మాట నన్ను చాలామంది అడిగారు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, తిరగరాయడం. వారానికొక కొత్త వ్యాసం రాయించేకంటే నెలకి రెండే రాయించి, ఒక్కొక్కటి రెండుసార్లు రాయించడం మేలని నా అనుభవం. పద్ధతి చెబుతాను. చిత్తు రాసిన పిల్ల లేచి గట్టిగా చదవాలి. వినేవాళ్ళు బాగుంది, బాగోలేదు అనకూడదు. తెలియనిది అడగాలి, రెండే ప్రశ్నలు. ఆ జవాబులు రాసిన పిల్ల తన రచనలో చేర్చుకోవాలి. అంతే. పలాస దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ‘మా అమ్మ చేతులు’ మీద మొదటిసారి రాసింది ఇదీ: ‘మా అమ్మ చాలా కష్టపడుతుంది. మా అమ్మ చేతులు నల్లగా ఉంటాయి. మా అమ్మ అంటే నాకు ఇష్టం.’ ఒకడు అడిగాడు, నల్లగా ఎందుకుంటాయి అని. జీడిపిక్కలు కొడుతుంది కదా, ఆ జీడి అంటుకుంటుంది అంది. ఇంకో పిల్ల అడిగింది, కడిగితే పోదా అని. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, ‘పోదు. తోలు ఊడొచ్చేస్తాది. రేషన్ దగ్గర మా అమ్మ వేలిముద్ర పడదు, అందుకే నన్ను తీసుకెళ్తాది’ అంది. క్లాసంతా నిశ్శబ్దం అయిపోయింది, ఎందుకంటే అందులో సగం మంది అమ్మలు పిక్కల పనికే వెళ్తారు. రెండోసారి రాసినప్పుడు ఆ వేలిముద్రతోనే మొదలుపెట్టింది, ‘చాలా కష్టపడుతుంది’ అన్న వాక్యం తనంతట తనే కొట్టేసింది. నేను చెప్పలేదు. రబ్బరు వద్దన్నది ఇందుకే, ఆ గీత కొట్టిన వాక్యం నోటుబుక్కులో కనపడాలి. సంవత్సరం చివర వెనక్కి తిప్పి చూసుకుంటే ఎక్కడ నుంచి ఎక్కడికి వచ్చారో వాళ్ళకే తెలుస్తుంది.

ఇక్కడే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట, వేరే బడిలో, ఒక పిల్ల వాళ్ళ నాన్న తాగొచ్చి పుస్తకాలు బయట పారేసిన రాత్రి గురించి రాసింది. బ్రహ్మాండంగా రాసింది. నేను ఆనందం పట్టలేక, ఆ పిల్లని అడగకుండానే, పక్క సెక్షన్‌లో కూడా చదివి వినిపించాను. మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు వచ్చాక మళ్ళీ ‘మానవుడు సంఘజీవి’కి వెళ్ళిపోయింది, ఆ ఏడాదంతా అదే రాసింది. అప్పటినుంచి నియమం పెట్టుకున్నాను. పేజీ పైన మూలలో పిల్లలే గుర్తు పెట్టాలి, చుక్క పెడితే మాస్టారు ఒక్కరే చదవాలి, గీత పెడితే క్లాసులో చదవొచ్చు. అలాంటి ఇంటి విషయాలు బయటపడినప్పుడు రచనకి మెచ్చుకోలు తర్వాత, ముందు ఆ పిల్లతో విడిగా మాట్లాడండి.

ఇప్పుడు ‘నాను ఎల్నాను’ సంగతి. మీరు దీని గురించే ఎక్కువ టెన్షన్ పడుతున్నట్టున్నారు. మనం ఏ జిల్లాలో ఉన్నామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న పుట్టిన పర్వతాలపేట మన శ్రీకాకుళం జిల్లాలోదే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, కొండల్లోని సవర గిరిజన పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, దానికి నిఘంటువు తయారుచేసిన మనిషి. జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని పోరాడాడు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, చేసి, ఆ రోజు పిల్లల చేత గైడులోని ఉపన్యాసం బట్టీ పట్టించి చెప్పిస్తాం. నేనూ చేయించాను లెండి.

నేను చేసేది ఇది. చిత్తులో ఇంటి మాట ఎంత ఉన్నా ముట్టుకోను. సాపు రాసేటప్పుడు మాత్రం, మనుషులు మాట్లాడే మాటలు కొటేషన్ గుర్తుల మధ్య ఇంటి యాసలోనే ఉంచి, మిగతాది పుస్తకం భాషలోకి మార్చమంటాను. ‘ఏటి సేస్తన్నావ్, బేగి రా’ అని అప్ప (అక్క) అరిస్తే అలాగే రాయాలి, ‘ఏమి చేయుచున్నావు, త్వరగా రమ్ము’ అని మార్చితే ఆ అప్ప చచ్చిపోయినట్టే. గోడ మీద ఒక క్యాలెండరు వెనక రెండు వరుసలు గీయించండి. ఒకవైపు ఇంటి మాట, రెండోవైపు పుస్తకం మాట. నాను–నేను, ఏటి–ఏమిటి, బేగి–తొందరగా, ఒగ్గేయ్–వదిలెయ్, కూకో–కూర్చో, ఎల్లిపోనాడు–వెళ్ళిపోయాడు. పిల్లలే చేరుస్తారు, నెలకి క్యాలెండరు నిండిపోతుంది. ఇందులో ఏదీ తప్పు కాదు, ఏది ఎక్కడ వాడాలో తెలిస్తే చాలు అని గట్టిగా చెప్పండి. ముఖ్యంగా కొండ ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకి, ఎందుకంటే వాళ్ళకి పుస్తకం తెలుగు మూడో భాషలాంటిది.

అక్షర తప్పుల్లో సగం ఈ యాస నుంచే వస్తాయి, అది తెలిస్తే కోపం తగ్గుతుంది. మన దగ్గర ‘చ’ చాలాచోట్ల ‘స’గా పలుకుతుంది, అందుకే ‘సెట్టు’, ‘సెప్పాడు’. దాన్ని మరీ గద్దించి దిద్దితే భయపడి ‘సంత’ని కూడా ‘చంత’ అని రాసిన పిల్లలు నాకు తెలుసు. ళ–ల, ణ–న, శ–ష–స, ద–ధ, బ–భ, ‘కృషి’ని ‘క్రుషి’ అనడం, దీర్ఘాలు, ఒత్తులు… అన్నీ ఒకేసారి దిద్దితే పేజీ ఎర్రగా అవుతుంది తప్ప ఒక్కటీ ఒంటపట్టదు. నేను పక్షానికి ఒకే రకం తీసుకునేవాణ్ణి. ఈ పదిహేను రోజులు ళ–ల, అంతే. మిగతావి కనపడినా కళ్ళు మూసుకోవాలి, ఇది మాస్టారుకి చాలా కష్టమైన పని, మొదట్లో నాకు చెయ్యి దురద పెట్టేది. తప్పున్న మాట కింద గీత కూడా పెట్టను, ఆ లైను పక్కన మార్జిన్‌లో చిన్న టిక్కు పెడతాను. ఎక్కడుందో పిల్లే వెతకాలి, దొరక్కపోతే పక్కవాణ్ణి అడగాలి. దొరికినదాన్ని నోటుబుక్కు చివరి పేజీలో తన సొంత తప్పుల జాబితాలో రాసుకోవాలి. శనివారం డిక్టేషన్ ఆ జాబితాలోంచే, ఎవరి మాటలు వాళ్ళకి పక్కవాళ్ళు చెప్పాలి. నలభై నోటుబుక్కులు దిద్దే పని మూడొంతులు తగ్గుతుంది, అది వేరే లాభం.

వాక్యాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాలుగు లైన్ల పిల్లలు రాసేవన్నీ ‘ఉంది’, ‘వచ్చింది’, ‘వెళ్ళింది’ అని మూడేసి మాటల వాక్యాలు. వ్యాకరణంలో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని చెబుతాం, పిల్లలు నిర్వచనం బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు. కానీ అవి ఎందుకున్నాయో ఎవరూ చెప్పరు. చేసి, చేస్తూ, చేస్తే, చేసినా, ఈ నాలుగూ తెలుగు వాక్యానికి కీళ్ళు. క్యాలెండరు కాగితాన్ని పట్టీలుగా కత్తిరించి పిల్లల రచనల్లోంచే చిన్న వాక్యాలు ఒక్కో పట్టీ మీద రాయండి. ‘వాన వచ్చింది’, ‘బడి రేకుల మీద చప్పుడు వచ్చింది’, ‘మాస్టారి మాట వినపడలేదు’, ‘మాస్టారు పాఠం ఆపేశారు’, ‘మేము సంతోషించాం’. ఐదుగురికి ఐదు పట్టీలు ఇచ్చి ఒక వాక్యం చేయమనండి. ‘వానకి రేకులు మోగి, మాస్టారి మాట వినపడక పాఠం ఆగిపోతే మేము సంతోషించాం’ అని ఒక జట్టు, ‘మాస్టారు పాఠం ఆపేసినా మేము సంతోషించినట్టు కనపడలేదు, ఎందుకంటే ఆయన మమ్మల్నే చూస్తున్నారు’ అని ఇంకో జట్టు. ఆ రెండోది నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత తిరగేసి, పాఠంలోని ఒక పొడుగు వాక్యం ఇచ్చి ముక్కలు చేయమనండి. వ్యాకరణం మార్కులు కూడా దీంతోనే వచ్చేస్తాయి.

స్పష్టంగా రాయడం నేర్పాలంటే కాగితం పడవ కంటే మంచి పాఠం లేదు. పడవ ఎలా చేయాలో ఒకరు రాయాలి, ఇంకొకరు ముందుకొచ్చి అందులో ఏముందో అచ్చం అదే చేయాలి, తెలిసినా తెలియనట్టు. ‘కాగితం మడవండి’ అని ఉంటే ఎటు మడవాలి? నిలువునా, అడ్డంగానా? ఎంత? క్లాసంతా నవ్వుతుంది, పడవ బదులు ఏదో పకోడీ పొట్లం తయారవుతుంది. రాసినవాడు గింజుకుంటాడు, అది కాదురా నా ఉద్దేశం అని. ‘నీ ఉద్దేశం వాడికెలా తెలుస్తుంది, కాగితం మీద లేదు కదా’ అంటే చాలు. తర్వాత చోడి (రాగి) అంబలి కాయడం, గాలిపటం కట్టడం, వలకి ముడి వేయడం, ఎవరింటి పని వాళ్ళు రాయొచ్చు. వల ముడి గురించి భావనపాడు వైపు పిల్లడు రాసినది మూడుసార్లు తిరగరాస్తే గానీ మాకు అర్థం కాలేదు, నాకసలు ఇప్పటికీ ఆ ముడి రాదు.

పోస్టు కార్డుల సంగతి. 50 పైసల కార్డు. ఇక్కడ నాన్నలు చాలామంది వలస వెళ్తారు, కొందరు హైదరాబాదు, చెన్నై కట్టుబడి పనులకి, తీరం ఊళ్ళవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి. ఫోన్లు ఉన్నాయి కదా కార్డెందుకు అని మీరే అంటారు. ఫోన్‌లో ‘తిన్నావా, తిన్నాను, బాగున్నావా, బాగున్నాను’ దగ్గర ఆగిపోతుంది. కార్డు మీద ఉన్నది ఇంతే చోటు, వాళ్ళ నాన్నకి తెలియని కబురు ఒకటి ఎంచుకుని రాయాలి. ఆ ఎంచుకోవడమే రచన. ఇంటి గేదె ఈనింది, చెల్లి సైకిలు నేర్చుకుంది, ఇలాంటివి. ఒక నాన్న ఆ కార్డు పది నెలలు జేబులో పెట్టుకుని, నలిగిపోయినదాన్ని ఇంటికొచ్చాక బడికి తెచ్చి నాకు చూపించాడు. ఆయనకి చదవడం రాదు, గదిలో వాళ్ళ చేత చదివించుకునేవాడట. పరీక్షలో లేఖ వస్తుంది కాబట్టి చిరునామా, తేదీ, సంబోధన, ఇట్లు, పిన్‌కోడు ఆరంకెలు, ఇవన్నీ నేర్పినట్టూ అవుతుంది. పెద్ద పిల్లల చేత గ్రామ సచివాలయానికి అర్జీ కూడా రాయించండి. కుళాయి రావడం లేదనో, వీధి దీపం పోయిందనో, నిజంగా ఇవ్వడానికే. ‘ఎన్ని రోజులనుంచి? ఏ వీధి? ఎన్ని ఇళ్ళు?’ అని అవతల గుమస్తా అడుగుతాడని తెలిస్తే వివరం దానంతటదే వస్తుంది.

గోడ పత్రిక నెలకొకటి. క్యాలెండర్ల వెనక అంటించి వరండాలో పెట్టండి, మధ్యాహ్న భోజనానికి వరుసలో నిలబడే చోటైతే అందరూ చదువుతారు. ఒకే షరతు, ఏడాదిలో ప్రతి పిల్లదీ కనీసం రెండుసార్లు రావాలి. బాగా రాసే నలుగురివే పెడితే మిగతా ముప్ఫై ఆరుగురు ఆ గోడ వైపే చూడరు.

చదివే సరుకు గురించి అడిగారు. రోజూ పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు ఒక మంచి కథ మీరే చదివి వినిపించండి, ప్రశ్నలు అడక్కండి. స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి, చిన్న తరగతులకి బాగుంటాయి. మాటల అర్థాలకి ఆంధ్రభారతి నిఘంటువు ఫోన్‌లో తెరిచి పెట్టుకోండి. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ ఉంటుంది, దాన్ని చదివించి ఇందులో ఏం తక్కువైంది అని అడగండి, ఒక గంట ఎలా గడుస్తుందో తెలియదు. వీలైతే ఏడాదికొకసారి పదిమంది పిల్లల్ని శ్రీకాకుళంలో కథానిలయానికి తీసుకెళ్ళండి. కథకుడు కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టారు. ఆయన మన మురపాకలో పుట్టి, విశాఖలో బడి మాస్టారుగా పనిచేసిన మనిషి. తెలుగు కథలు ఎక్కడెక్కడ అచ్చయ్యాయో ఏరి తెచ్చి దాచిన చోటు అది. మా పిల్లలు ఆ బీరువాలు చూసి అడిగిన ప్రశ్న, ‘ఇయ్యన్నీ ఎవలో ఒకలు రాసినవేనా మాస్టారూ?’ అని.

పరీక్షల మాట ఎత్తకపోతే హెచ్‌ఎం గారు మీ చేత ఎత్తిస్తారు. పదో తరగతికి కరపత్రం, లేఖ, సంభాషణ, ఇంటర్వ్యూ ప్రశ్నలు లాంటివే వస్తాయి, వాటి నమూనాలు జనవరి నుంచి రెండు నెలలు తోమితే చాలు, ముందు రాయడం వచ్చిన పిల్లలకి నమూనా వారంలో పట్టుబడుతుంది. సిలబస్ అయిపోదేమో అని భయం వద్దు, వారానికి ఒక పీరియడ్ అడుగుతున్నాను అంతే, శుక్రవారం చివరి పీరియడ్ అయినా సరే. ఇంకొకటి, రాయడం ఇంటిపనిగా ఇవ్వకండి. ఇప్పుడు ఇంటికెళ్తే గైడు కూడా అక్కర్లేదు, అన్న ఫోన్‌లో అడిగితే వ్యాసం వచ్చేస్తుంది, తప్పులు కూడా ఉండవు. క్లాసులోనే, మీ ఎదురుగా, పెన్నుతో. పైగా చిన్నాన్న ఇంట్లో పడుకున్న కొబ్బరిచెట్టు సంగతి ఏ ఫోన్‌కీ తెలియదు.

మొదటి శుక్రవారం ‘మా అమ్మ చేతులు’ ఇచ్చి చూడండి. అమ్మ లేని పిల్ల ఉందేమో ముందే కనుక్కుని, ఉంటే అందరికీ ‘మా ఇంట్లో ఒకరి చేతులు’ అని చెప్పండి. పిల్లలు ఒప్పుకున్నవి నాలుగైదు, పేర్లు తీసేసి, ఇక్కడ పెట్టండి. దిద్దకుండానే పెట్టండి, చూస్తాను.